కోడి గోకిన గీత

"కంగారు పడకే అడవికోడీ! రాలిన ఇప్పపూలు కనబడాలని మనుషులు ఏటా చెట్ల కింద ఆకులు తగలబెట్టేదేగా. కాస్త కాలి అదే ఆరిపోద్ది," అంది ఉడుము, బండ మీంచి కదలకుండానే.

"అది నేల తడిగా ఉన్నప్పటి మాట ఉడుమన్నా. ఏటికేడు ఎండలు ముదిరిపోతన్నాయి. ఈసారి ఒక్క చినుకన్నా పడిందా? ఆకులన్నీ అప్పడాల్లా ఉన్నాయి."

పొదలో కోడి గుడ్లు ఆరున్నాయి. వాటిని మోసుకుపోనూ లేదు, వదిలేసి పోనూ లేదు. అందుకని పొద చుట్టూ ఆకులు గోకి అవతలికి చిమ్మడం మొదలెట్టింది.

"కాళ్ళతో గీకితే మంట ఆగుద్దా, పిచ్చిమొహమా!" అని ఉడుము నవ్వింది. అంతలో పొగ దాని ముక్కుకే కొట్టింది. గబగబా దిగొచ్చి తోకతో ఆకులు ఊడ్చింది. అటుగా పరిగెత్తే అడవిపంది కూడా ఆగి, మూతితో మట్టి తిరగేసింది.

మంట ఆ మట్టిగీత దాకా వచ్చింది. అంటుకోడానికి ఆకు దొరక్క అక్కడే చచ్చింది. కోడి రెక్కలు కమిలాయి గానీ గుడ్లకి ఏమీ కాలేదు.

మర్నాడు పూలబుట్టతో బుచ్చెమ్మ, మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. నల్లగా మాడిన అడవినీ, మధ్యలో పచ్చటి పొదనీ, దాని చుట్టూ కోడి గోళ్ళ గీతల్నీ చాలాసేపు చూసింది. కాలకుండా మిగిలిన పక్క ఇప్పచెట్టు కింద మొగుడు మళ్ళీ అగ్గిపుల్ల గియ్యబోతుంటే చెయ్యి పట్టుకుంది. పొదలోంచి కోడి మెడ చాచి వింటోంది.

"అగ్గిపెట్టె లోపల పెట్టు మావా, నేను ఇంటికాడ్నించి చీపురు తెస్తా."