రికార్డులో లేని మాట

“ఆవిణ్ణి లోపలికి పంపొద్దని చెప్పానా లేదా?” అన్నాడు పెద్ద ప్లీడరు, కాగితాల్లోంచి తల ఎత్తకుండానే.

“చెప్పారండీ. గుమ్మం దాకానే వచ్చింది,” అన్నాడు గుమాస్తా.

గుమ్మంలో నిలబడ్డ మనిషికి యాభై దాటి ఉంటాయి. చేతిలో గుడ్డసంచి, కాళ్ళనిండా దుమ్ము. ఉరికేసు తాలూకు ఆవిడ అని గుమాస్తా ముందురోజే చెప్పాడు. జైలు నుంచి వచ్చిన అప్పీలు అది. ఇన్నాళ్ళూ ఖైదీ తరఫున నరమానవుడెవడూ తొంగి చూడలేదు. తీరా విచారణ మొదలయ్యే వారం ఈవిడ దిగింది. కన్నతల్లి కాకపోతే ఇంకెవరొస్తారు, పాపం.

“అయ్యా, ఆ రోజు అసలేం జరిగిందంటే...” అని మొదలుపెట్టింది ఆవిడ.

పెద్ద ప్లీడరు చెయ్యి అడ్డం పెట్టాడు.

“నాకేం చెప్పకండమ్మా. కింది కోర్టు కాగితాల్లో ఉన్నదే నాకు వేదం. మీ దగ్గర కొత్తగా ఏదైనా విన్నాననుకోండి, రేపు జడ్జీల ముందు నోరు జారుతుంది. రికార్డులో లేని మాట ఒక్కటి దొర్లినా కేసు గోవిందా.”

ఆయన తత్వమే అంత. నలభై ఏళ్ళుగా పై కోర్టుల గడప తప్ప వేరే గడప తొక్కి ఎరగడు. ఒక్క సాక్షి మొహం చూడలేదు, ఒక్క కక్షిదారు ఏడుపు వినలేదు. కట్టలకొద్దీ కాగితాలొస్తాయి, వాటితోనే మనుషుల్ని బతికిస్తాడు. ఆయన వాదించిన రాజ్యాంగం కేసులు లా కాలేజీల్లో పాఠాలయ్యాయి. కూరలో ఉప్పు తక్కువైందని భార్య తనంతట తానే ఒప్పుకున్నా “ఏ పేజీలో ఉంది?” అంటాడని జూనియర్లు చాటున నవ్వుకుంటారు. పేజీగారు అని పేరు పెట్టింది కూడా వాళ్ళే.

ఈ కేసు మాత్రం నవ్వులాట కాదు. ప్రభుత్వ కర్మాగారంలో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళు మాటా మాటా అనుకున్నారు. ఒకడు కోపంలో ఇనపరాడ్డు ఎత్తాడు, రెండోవాడు అక్కడికక్కడే ప్రాణం వదిలాడు. డ్యూటీలో ఉన్న ప్రభుత్వోద్యోగిని చంపితే ఉరి తప్ప వేరే శిక్ష లేదని చట్టం. ఎందుకు చంపాడు, ఎలాంటివాడు అన్నవేవీ జడ్జి వినక్కర్లేదు. వినకుండా మనిషి ప్రాణం తియ్యడానికి రాజ్యాంగం ఒప్పుకుంటుందా అన్నదే పేజీగారి వాదన. అది నెగ్గకపోతే ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు ఉరికంబం ఎక్కుతాడు, అంతే సంగతులు.

విచారణ జరిగినన్నాళ్ళూ ఆవిడ కోర్టు హాల్లో ఆఖరి బెంచీమీద కూర్చుంది. ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా చెవులు రిక్కించుకునే కూర్చుంది. మూడో రోజు మధ్యాహ్నం వరండాలో ఎదురుపడితే పేజీగారికే జాలేసి, రోజూ ఇంత దూరం పడుతూ లేస్తూ రావద్దనీ, కబురు తనే పంపిస్తాననీ చెప్పాడు.

“నా చేతి ముద్ద తిని పెరిగాడండీ. వాణ్ణి ఉరి తీస్తారో లేదో ఇక్కడ తేలుస్తుంటే నన్ను ఇంట్లో ఎలా కూర్చోమంటారు?” అంది ఆవిడ. “వీడు కూడా పోతే నేను తట్టుకోలేను.”

ఆవిడ మొగుడు పోయి ఉంటాడనుకున్నాడు పేజీగారు. అడగబోయి, అదీ రికార్డులో లేని మాటేనని నోరు కట్టేసుకున్నాడు.

అయిదో రోజు పెద్ద జడ్జి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. చట్టం అడ్డులేకపోతే ఈ ఖైదీ గురించి మీరు మాకేం చెప్పి ఉండేవారని అడిగాడు. చెబితే రికార్డు దాటినట్టు, చెప్పకపోతే చెప్పడానికేమీ లేనట్టు. పేజీగారు చేతిలో కాగితాల కట్ట మూసేశాడు.

“ఏమీ చెప్పలేనండీ, నాకు తెలీదు కనక,” అన్నాడు. “ఈ రికార్డు పన్నెండు వందల పేజీలు. ఇనపరాడ్డు పొడుగెంతో ఉంది, బరువెంతో ఉంది. ఈ కుర్రాడు ఎవరికేమవుతాడో, వీడు పోతే ఎవరు ఏడుస్తారో ఒక్క పేజీలోనూ లేదు. అడగక్కర్లేదని చట్టం చెప్పింది. అందుకని ఎవరూ అడగలేదు.”

పెద్ద జడ్జి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఆ మాట రాసుకున్నాడు.

నెల తర్వాత తీర్పొచ్చింది. ఆ సెక్షన్ చెల్లదని అయిదుగురు జడ్జీలూ ఒక్కమాటమీద కొట్టేశారు. ఉరి తప్పి జైలుశిక్ష మిగిలింది. విలేకరులు చుట్టుముట్టినా పేజీగారు వాళ్ళని తోసుకుంటూ ఆఖరి బెంచీ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. తను గెలిచిన కేసు తాలూకు మనిషిని ఇంత దగ్గరగా చూడటం నలభై ఏళ్ళలో ఆయనకిదే మొదలు. సంతోషం పట్టలేక ఆయనకీ కళ్ళు తడిశాయి.

“రేపే జైలుకెళ్ళి మీ అబ్బాయిని కళ్ళారా చూసుకోండమ్మా,” అన్నాడు.

ఆవిడ తలెత్తి ఆయనకేసి అయోమయంగా చూసింది. సంతోషంలో మాట రావడం లేదనుకుని, ములాఖత్ దరఖాస్తు రాసి పెట్టమని పేజీగారు గుమాస్తాని పురమాయించాడు. గుమాస్తా బెంచీమీదే కాగితం పెట్టుకుని గబగబా రాసేసి, సంతకానికి ముందు చదివి వినిపించాడు. ఖైదీకి తల్లి అన్న చోట ఆవిడ కాగితం మీద చెయ్యి వేసింది.

“అది కొట్టేసి పక్కింటావిడ అని రాయండి బాబూ. వాళ్ళమ్మ వాడి చిన్నప్పుడే పోయింది.”

 ఉత్త పక్కింటివాళ్ళని జైల్లోకి రానివ్వరనీ, ఖైదీతో ఇంకే సంబంధమైనా ఉంటే చెప్పమనీ గుమాస్తా బతిమాలుతున్నట్టు అడిగాడు.

“వాడు చంపింది మా అబ్బాయిని.”