రెండు గొంతుల కార్బొరేటర్

"ఆడదాని చెయ్యి నా బండి మీద పడగూడదు మామా. ముందే సెప్తాండా," అన్నాడు బాలచంద్ర. కోమలి అక్కడే, మూడడుగుల దూరంలో నిలబడి ఉంది.

తిరుచానూరు రోడ్డులో అందరికీ గోవిందయ్య మామే. పాత కార్ల మెకానిక్కుగా ఆయనకు ముప్పై ఏళ్ల పేరు. ఆరేళ్లుగా మాత్రం చేతులు వణుకుతున్నాయి. అప్పట్నుంచీ పేరు ఆయనది, పని కూతురు కోమలిది. ఆ సంగతి బాలచంద్రకూ తెలుసు. తెలిసే అన్నాడు.

కోమలికి ఒళ్లు మండిపోయింది.

బాలచంద్ర తెచ్చింది వాళ్ల తాత నాటి చిన్న ఫియట్. పైన పాలిష్ పెట్టించి అద్దంలా మెరిపించాడు. లోపల కార్బొరేటర్ పూర్తిగా అరిగిపోయింది. ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి అందించేది అదే. అది పాడైతే పైన ఎంత మెరిస్తే ఏం లాభం?

"బుధవారం నా పెండ్లి. ఈ కారులోనే గుట్ట మీదికి ఊరేగింపు రావాల. మంచిది సూసి బిగించండి. ఆమీద, నెలాఖరుకు ఈ షెడ్డుకు తాళం పడాల. ఒప్పుకున్న మాట మర్చిపోవద్దండి."

"అట్లేలే అబ్బా," అన్నాడు గోవిందయ్య నేల చూపులు చూస్తూ.

నాయన నోరెందుకు కట్టుబడిందో కోమలికి తెలుసు. తెలిసినందుకే ఇంకా మండింది. పదేళ్లప్పుడు ఈ షెడ్డులోనే స్పానర్ పట్టింది. ఇప్పుడు ఇరవై ఆరు. ఈ పెద్దమనిషి వచ్చి తాళం వేస్తాడట తాళం! పడగూడదన్న చేతిని ఆ నోటితోనే, నలుగురి ముందర, బతిమాలి పిలిపించుకోకపోతే తన పేరు కోమలే కాదనుకుంది.

బల్ల మీద రెండు కార్బొరేటర్లు తెచ్చి పెట్టింది. ఒకటి చిన్నది, గాలి పోయే గొట్టం ఒక్కటే ఉన్న ఒంటి గొంతుది. రెండోది ఏదో పెద్ద కారు నుంచి విప్పింది. రెండు గొంతులతో మహా దర్జాగా ఉంది. చిన్న ఇంజనుకు పెద్ద గొంతు తగిలిస్తే ఏమవుతుందో కోమలి నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. చదును రోడ్డు మీద జోరుగా పోయేటప్పుడు గర్జిస్తుంది. బ్యాండు వెనక నడక వేగంతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఇంజను గాలిని గట్టిగా లాగదు, పెట్రోలు పైకి రాదు. బండి దగ్గి, తుమ్మి, నిలబడిపోతుంది.

బాలచంద్ర వైపు చూడకుండా, తండ్రితో ఉన్న నిజమే చెప్పింది.

"చిన్నదే చాలు నాయనా ఈ ఇంజనుకు. పెద్దది పెడితే గుట్టెక్కేటప్పుడు మొరాయిస్తాది."

అంతే. బాలచంద్ర పకపకా నవ్వాడు.

"ఆడోళ్లు సెప్తే మనం ఇనాల్నా? ఆ పెద్దదే పెట్టండి మామా!"

"అది కాదబ్బా, ఆ పిల్ల చెప్పేది..." గోవిందయ్య నసిగాడు.

"పెద్దదే!"

కోమలి చటుక్కున తల దించుకుంది. నవ్వు కనపడకూడదు కదా.

అతను పోయాక బిగించింది ఆమే. గోళ్ల సందుల్లో పసుపు, పసుపు మీద గ్రీజు. "ఈ రెండు దినాలన్నా చేతులు శుభ్రంగా పెట్టుకోవే," అని వాళ్లమ్మ ఆనందమ్మ తల బాదుకుంది. మర్నాడు బాలచంద్ర వచ్చి బైపాసు మీద బండి తోలి చూసుకున్నాడు. ఆ గర్జనకు మురిసిపోయి మీసం దువ్వుకుంటూ వెళ్లిపోయాడు.

బుధవారం వచ్చింది.

చంద్రగిరి అవతల గుట్ట. గుట్ట మీద గుడి, గుడి పక్కన కల్యాణ మండపం. ముహూర్తం తొమ్మిదీ నలభైకి. కోమలి పైనుంచి కిందికి చూస్తూ నిలబడింది. పూలదండల ఫియట్ బ్యాండు వెనక మెల్లగా ఎక్కుతోంది. మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపులో దగ్గింది. తుమ్మింది. ఆగింది.

దిగి నడిచి రావచ్చు కదా అంటారేమో. రాకూడదు. ఊరేగింపు కారెక్కిన పెళ్లికొడుకు, మండపం వాకిట్లో హారతి పట్టేదాకా కాలు కింద పెట్టకూడదని బాలచంద్ర ఇంటి ఆచారం. వాళ్లమ్మ శకుంతలమ్మ డోరు గట్టిగా పట్టుకొని కూర్చుంది. పదిమంది వెనక నుంచి తోశారు. బండి రెండడుగులు ఎక్కి నాలుగడుగులు దిగింది.

తొమ్మిదీ ఇరవైకి గోవిందయ్య ఫోను మోగింది.

"మామా, బండి నిలబడిపోయింది. బిన్నే రాండి!"

"నా చేతులు వణకతాండాయబ్బా. నా వల్ల గాదు."

"ఎవుర్నన్నా పంపండి మరి! ముహూర్తం దాటిపోతాది!"

"ఉండేది ఒకటే చెయ్యి. అది పడగూడదంటివి గదా."

కోమలి తండ్రి చేతిలోని ఫోను తీసుకొని, స్పీకర్ నొక్కి, నాదస్వరం వాళ్ల మైకుకు ఆనించింది. తండ్రి ఆమె మొహంలోకి చూశాడు. వద్దనలేదు.

"కోమలినే పంపండి మామా! ఆ పిల్ల చెయ్యి పడితేగానీ ఇది కదల్దు!"

గుట్టంతా మోగింది. మండపంలో చుట్టాలు గొల్లున నవ్వారు. కోమలి కడుపు చల్లబడింది.

"మరి షెడ్డుకు తాళం?" అన్నాడు గోవిందయ్య. ఎన్నాళ్లకో ఆ గొంతు వణకలేదు.

"ఏ తాళమూ వద్దు మామా! ఎప్పుడూ తెరిచే పెట్టుకోండి! మీకు దండం పెడతా, ముందు ఆ పిల్లను పంపండి!"

చిన్న కార్బొరేటర్ పసుపు గుడ్డలో చుట్టి ముందే సిద్ధంగా పెట్టుకుంది కోమలి.

దాన్ని ఒక చేత, స్పానర్‌ను ఇంకో చేత పట్టుకొని, నుదుట బాసికంతో, పెళ్లికూతురు గుట్ట దిగింది.