పొయ్యి వెలుగుతున్న ఇల్లు

“వెళ్ళి చూసిరా. ఉన్నాడో, పోయాడో” అన్నాడు చీఫ్ విప్ మ్వాలే, మూసిన కళ్ళు తెరవకుండానే.

లామెక్ చిరాంబో కుర్చీలోంచి కదల్లేదు. మూడు వారాలుగా సభలో అదే చర్చ. అధ్యక్షుడికి రెండు దఫాలు చాలా, మూడోది కూడా కావాలా? చెప్పిందే చెప్పి, తిట్టిందే తిట్టి అందరి గొంతులూ బొంగురుపోయాయి. రాజ్యాంగం కన్నతల్లి లాంటిదని ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తల్లికి జబ్బు చేస్తే ఆపరేషన్ చేయించమా అని ఇంకొకాయన లేచాడు. క్యాంటీన్‌లో ఇద్దరు ఒకే బల్ల మీద తలలు వాల్చి గురక పెడుతున్నారు. ఒకాయనది అధికారపక్షం, ఒకాయనది ప్రతిపక్షం. సవరణ మీద పేచీ లేనిది వాళ్ళిద్దరికే.

ఇక ఈ పూటతో సరి. మధ్యాహ్నం ఓటింగు. రేపట్నుంచి సభ ఉండదు, ఎన్నికలే.

లెక్క మాత్రం బడిపిల్లలకు కూడా కంఠతా వచ్చేసింది. బతికున్న సభ్యుల్లో, అంటే ఇప్పటికి నూట యాభై ఒక్కరిలో, మూడింట రెండు వంతుల మంది సరేననాలి. సర్కారు చేతిలో ఉన్నవి సరిగ్గా వంద ఓట్లు. ముసలి సభ్యుడు వెడ్సన్ న్యిరొంగో మంచం దిగి రాకపోయినా సరే, ఊపిరితో ఉంటే చాలు, నూట ఒకటి కావాలి. ఆయన పోతే వంద సరిపోతాయి. అందుకే రాజధాని అంతా ఒక రోగి మంచం చుట్టూ చెవులు రిక్కించుకుని ఉంది.

“నన్నే పంపాలా?” అన్నాడు లామెక్.

“నీ మాస్టారే కదయ్యా. నిన్నయితే గుమ్మం దాకా రానిస్తారు. ఇది గట్టెక్కితే నువ్వు మంత్రివి, గుర్తుందిగా?”

గుర్తుంది. అదే అతన్ని లోపల తినేస్తోంది. అక్షరాలు దిద్దించింది ఆయన. జైలు నుంచి బయటికొచ్చి, రెండు దఫాలకు మించకూడదన్న వాక్యాన్ని పట్టుబట్టి రాజ్యాంగంలో రాయించిందీ ఆయనే. అలాంటి మనిషి ఇంకా చావలేదా అని ఆరా తీయడానికి బయల్దేరడం సిగ్గుగా ఉంది. సిగ్గుపడుతూనే కారెక్కాడు.

కారు దిగుతుండగానే పెరట్లో వంటపాక మీద పొగ కనిపించింది. రోట్లో మొక్కజొన్న దంచుతున్న చప్పుడు వినిపించింది. లామెక్ మనసు కుదుటపడిందో, నీరసించిందో అతనికే తెలియలేదు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు. ఉన్న బూడిద కూడా ఎత్తి పారబోస్తారు. ఇల్లాలు పెట్టిన మొదటి కేకకే వీధి వీధంతా వచ్చి వాలుతుంది, మగవాళ్ళు వాకిట్లో మంట వేసుకుని కూర్చుంటారు. ఇక్కడ వాకిట్లో కోళ్ళు తప్ప ఎవరూ లేరు.

“ఓడీ, లోపలికి రావచ్చా?” అని పిలిచి బయటే ఆగాడు.

మాస్టారి భార్య న్యాగొండ్వే రోకలి పక్కన పెట్టి వచ్చింది. తలగుడ్డ ఎప్పటిలాగే బిగించి కట్టుకుంది. అతను అక్కడి మర్యాద ప్రకారం గొంతుక్కూర్చుని, రెండు చేతులూ తట్టి పలకరించాడు. ఆవిడ గుమ్మంలో చాప వేసింది.

“మాస్టారికి ఎలా ఉందమ్మా?”

“రాత్రంతా నరకం చూశారు నాయనా. ఇప్పుడు నొప్పి లేదు. ఇందాకే ఒళ్ళు తుడిచి, ఉతికిన బట్టలు వేశాను. పడుకున్నారు.”

తెర సందులోంచి మంచం చివర కనిపిస్తోంది. దుప్పటి కింద రెండు పాదాలు. తలాపున రేడియోలో ఎవరో సభ్యుడు అరుస్తున్నాడు. నిద్ర చెడుతుందేమో, కట్టేయకూడదా అన్నాడు లామెక్.

“ఓట్లు లెక్కపెట్టేదాకా కట్టొద్దన్నారు. ఆయన మాట నేనెప్పుడు కాదన్నాను?”

జావ గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి గానీ రాలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా మేలుకున్న మనిషి కదా అనుకున్నాడు.

“ఒక మాట చెప్పు లామెక్. నువ్వొచ్చింది మీ మాస్టారి కోసమా, మీ లెక్క కోసమా?”

లామెక్ తల దించుకున్నాడు. లెక్క కోసమేనని ఒప్పుకునే ధైర్యం లేదు. ఆయన కోసమేనని అబద్ధమాడే ఓపిక కూడా మిగల్లేదు.

“ఓటింగు అయ్యాక రా” అంది ఆవిడ మెత్తగా. “ఆయన దగ్గర కాసేపు కూర్చుందువుగాని.”

పొయ్యి వెలుగుతోందని వచ్చి చెప్పాడు. మ్వాలే మొహం మాడిపోయింది. ఇంకేమీ అడగలేదు. ఆ దేశంలో పుట్టినవాడెవడూ ఇంకేమీ అడగడు.

అటువాళ్ళలో ఒక్కడైనా ఇటు దూకకపోతాడా అన్న ఆశతో ఓటింగు జరిపించారు. ఎవరూ దూకలేదు. వందే వచ్చాయి. సవరణ ఒక్క ఓటు తేడాతో వీగిపోయిందని స్పీకర్ చదివారు. నెగ్గినవాళ్ళకు కూడా బల్లలు చరిచే ఓపిక లేదు.

మంత్రి పదవి పోయింది. విచిత్రంగా, లామెక్‌కు ఒళ్ళు తేలికపడింది. ఇప్పుడు ఏ లెక్కా లేకుండా మాస్టారి పక్కన కూర్చోవచ్చు.

వీధి మొదట్లోనే వినిపించింది ఏడుపు.

అతను పరిగెత్తి వెళ్ళేసరికి పొయ్యి ఆరిపోయి ఉంది. రేడియో మూగబోయింది. న్యాగొండ్వే తలగుడ్డ విసిరేసి, నేల మీద పడి గుండెలు బాదుకుంటోంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కేకలు పెడుతూ వస్తున్నారు. లామెక్ మంచం చివర కూలబడి మాస్టారి పాదం పట్టుకున్నాడు.

జేబులో ఫోను మోగింది. కబురు అప్పుడే పాకినట్టుంది. మ్వాలే గొంతులో ఎక్కడలేని హుషారు.

“ముసలాయన పోయాడటగా. ఎప్పుడు పోయాడో కనుక్కుని చెప్పు.”

“ఇప్పుడే, ఓటింగు అయ్యాకే” అన్నాడు లామెక్, పొద్దున తను గుమ్మంలో కూర్చున్నప్పటికే చల్లబడి, ఈపాటికి కట్టెలా బిగుసుకుపోయిన ఆ పాదాన్ని దుప్పటితో కప్పేస్తూ.