గబ్బిలాల మాట

"వాగొడ్డున మడతపడిన అడవి అరటాకు ఉంది చూడు, మొక్కజొన్న పిండి తమాలెలు చుట్టి ఉడికించడానికి అదే కావాలి," అంది ఫిడెలినా. కత్తి పట్టుకుని వెళ్ళిన మొగుడు రొసెందో ఉత్తచేతులతో పరుగెత్తుకొచ్చాడు.

"దాన్ని కొయ్యకూడదే! కింద తెల్ల గబ్బిలాలు కాపురముంటున్నాయి. దూదిపింజల్లా ఉన్నాయి!"

మా సరపికీలో కురిసే వానకి చేపలు కూడా గొడుగడుగుతాయి. బొటనవేలంత ఆ జీవాలు మాత్రం ఆకు ఈనెలు కొరికి, ఇరువైపులా వంచి, గుడారం వేసుకుంటాయి. వాటిని చూసినవాళ్ళు మా ఊళ్ళోనూ అరుదే.

"ఏం పనితనమే! రాత్రంతా కురిసినా లోపల చుక్క పడలేదు."

"పాపం, కత్తి కూడా లేదు, పళ్ళతోనే కప్పేసుకున్నాయి." ఇంటి కప్పు కారి, మంచం మీది గిన్నెలో చుక్క టప్పుమంది. "నువ్వేమో పోయిన వానాకాలం నుంచీ 'ఇదిగో ఎక్కుతున్నా' అంటున్నావు."

రొసెందో తల గోక్కుని నిచ్చెన వెతుక్కున్నాడు.

పైన సుత్తి చప్పుడు మొదలయ్యాక, పొరుగువాణ్ణి కదా, నన్ను లోపలికి పిలిచి ఫిడెలినా కుండ మూత తీసింది. పెరటి అరటాకుల్లో చుట్టిన తమాలెలు ఎప్పుడో ఉడికిపోయాయి.

"గబ్బిలాల్ని నేను నిన్ననే చూశాను, పెద్దాయనా," అంది గుసగుసగా. "నేను చెబితే ఎక్కేవాడా?"