గంట కొట్టిన మనిషి

"ఆ గంట కొట్టినవాణ్ణి పట్టుకురండి మాస్టారూ," అన్నాడు దర్శకుడు.

"ఏ గంట?"

"వినండి."

ఎడిటర్ మీట నొక్కాడు. తెర మీద ఒక మనిషి ఖాళీ చేసిన ఇంటికి తాళం వేస్తున్నాడు. వెనక పియానో, కాళ్ళీడ్చుకుంటూ నడిచినట్టు. అతను తాళంచెవి తీసి జేబులో వేసుకునేసరికి, నీళ్ళలో మునిగిన గంటలాంటి మోత. ఒకటి. కాస్త ఆగి, ఇంకొకటి.

మాస్టారు పెదవి విరిచాడు.

అందరూ అతన్ని జింగిల్ మాస్టారనేవారు. సబ్బులు, సిమెంటు, దోమల మందు, దేనికి అడిగితే దానికి పాట కట్టాడు. సీరియళ్ళకైతే అత్తగారు తల తిప్పితే ఉరుము, కోడలు కళ్ళెత్తితే పిడుగు. ఇంటింటా మోగాడు గాని పేరు ఎక్కడా పడలేదు.

సినిమా రావడం ఇదే మొదలు. భార్య పోయాక వచ్చింది. సంతోషించాలని గుర్తొచ్చింది గాని సంతోషం రాలేదు.

"ఎవరిదయ్యా ఈ ఏడుపు?" అన్నాడు.

"తెలీద్సార్. ఇక్కడే పాత డిస్కులో దొరికింది. పేరు లేదు," అన్నాడు ఎడిటర్. "సీను బోసిగా ఉందని ప్రస్తుతానికి అతికించా. మీ సంగీతం రాగానే పీకేస్తాం."

"పేరు పెట్టుకోవడానికి సిగ్గుపడి ఉంటాడు. తాళమే లేదు ఇందులో."

"అందుకేగా మాస్టారూ, తెర మీద మావాడు వేస్తున్నాడు," అని దర్శకుడు నవ్వాడు.

మాస్టారు నవ్వలేదు.

"ఎవడిదో తెలీకుండా వాడుకోలేం. రేపు నాదంటూ ఎవడైనా వస్తే కోర్టుల చుట్టూ తిరగాలి. మీరు ఇలాంటిదే చెయ్యండి. ఇది మాత్రం కాకూడదు," అన్నాడు దర్శకుడు.

ఇంటికెళ్ళి చేశాడు. వెనక గదే అతని స్టూడియో. ఒకప్పుడు, మరిచిపోకపోతే, లోపల గడియ పెట్టుకునేవాడు. ఇప్పుడా అవసరం లేదు. వీధి చివర కొట్లోంచి తెచ్చుకున్న టీ కాగితం కప్పులోనే చల్లారిపోయింది. ఇంట్లో గ్లాసులున్నాయి. ఎక్కడున్నాయో తెలీదు.

పియానో నచ్చింది దర్శకుడికి. గంట నచ్చలేదు.

కంచు గంట పెట్టాడు.

"బళ్ళో ఇంటి గంటలా ఉంది మాస్టారూ. పిల్లలు పరిగెత్తుకొస్తారేమోనని చూస్తున్నా."

గాజు గంట పెట్టాడు.

"ఐస్‌క్రీమ్ బండి."

కీబోర్డులో ఉన్న గంటలన్నీ అయ్యాయి.

"ఇదైతే లిఫ్టు వచ్చినట్టుంది," అని దర్శకుడు ఈసారి నవ్వకుండా అన్నాడు. "తప్పుగా అనుకోకండి. రేపు నిర్మాత చూస్తానన్నాడు. మీ వల్ల కాకపోతే చెప్పెయ్యండి, ఇంకొకాయన్ని అడుగుతా."

"రెండు మోతల కోసమా?"

"ఆ రెండింటి కోసమే. ఆ ఇంట్లో ఒకప్పుడు ఎవరో ఉండేవారని అవి చెప్తున్నాయి. మీవి చెప్పట్లేదు. ఆ మనిషిని పట్టుకొస్తే సినిమా మీదే. మీ పక్కన ఆ మనిషి పేరు కూడా వేద్దాం."

దర్శకుడు ఫోనొచ్చి బయటికి వెళ్ళాడు. మాస్టారు ఎడిటర్ వైపు తిరిగాడు.

"అసలుది తియ్యి."

"ఇదే సార్."

"నువ్వు చెయ్యి పెట్టకముందుది."

"అది ఇంత లేద్సార్, చిన్న ముక్క. సీను నిడివికి సరిపోవాలని సాగదీశా. దాంతో శ్రుతి కూడా దిగిపోయింది."

"సాగదీశావా? ఆ మాట ముందు చెప్పొద్దూ?"

"మీరడగలేద్సార్."

"మామూలుగా పెట్టు."

పెట్టాడు. కాళ్ళీడ్చిన పియానో ఒక్కసారి లేచి గంతులేసింది. ఎడిటర్ తొడ చరిచాడు.

"అరె! పసిపిల్లల సబ్బు పాట కద్సార్ ఇది! మా చెల్లి నీళ్ళు పోయించుకుంటూ పాడేది."

ఆ సబ్బు ఇప్పుడు దొరకడం లేదు. "ఆ పాట కట్టింది నేనే," అన్నాడు మాస్టారు.

ఆఖర్న ఆ గంట కూడా మోగింది. ఇప్పుడది గంటలా లేదు. టింగ్, టింగ్ అని, ఏదో దేనికో తగిలినట్టు.

పాట అయిపోయింది. ఫైలు అవలేదు. ఫ్యాను తిరుగుతున్న హోరు మాత్రం వినిపిస్తోంది.

దర్శకుడు తలుపు తోసుకుని వచ్చాడు. "ఏమైనా తేలిందా?"

"తేలింద్సార్! మాస్టారిదేనట!" అన్నాడు ఎడిటర్.

"మీదా! మీ ఏడుపు మీరే గుర్తుపట్టలేదా?" దర్శకుడు పగలబడి నవ్వి కుర్చీ లాక్కున్నాడు. "ఇంకేం, గొడవే లేదు. ఇదే ఉంచేద్దాం. మరి గంట ఎవరు? రేపు వెంటబెట్టుకు రండి."

మాస్టారు ఆలోచించాడు. ఎవరూ గుర్తు రాలేదు.

"ఎవరూ లేరు. అంతా నేనొక్కణ్ణే."

"ఎవరో ఒకరు ఉండే ఉంటారు, బాగా గుర్తు తెచ్చుకోండి."

"ఎవరూ లేరన్నానుగా."

అప్పుడు ఫ్యాను హోరులోంచి, "అయ్యో, టీ కలుపుతూ చెంచా గ్లాసుకి కొట్టానండీ, పాటలో పడిపోయిందేమో," అంది పోయిన భార్య గొంతు. "పడితే పడనీ, ఎవడు వింటాడు," అంది అతని గొంతు.