చల్లటి టోపీ

జుట్టు నిలిస్తే చాలు, ఎవరికీ తెలియాల్సిన పని లేదు. బోడి తలతో బడి గేటు దాటితే మాత్రం పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వుతారు, ఇళ్లకెళ్లి చెబుతారు, ఇక స్టాఫ్‌రూములో గుసగుసలు... ఆలోచన అక్కడికొచ్చి ఆగింది. ప్రాణం మీదికొస్తే జుట్టు గురించా బెంగ, అని డ్రిల్ టీచరుకి తన మీద తనకే రోత పుట్టింది.

రొమ్ము క్యాన్సర్ వార్డులో మందు ఎక్కించే గది అది. వాలు కుర్చీల్లో ఆడవాళ్లు. వాళ్లకు తోడొచ్చిన మొగుళ్లు గోడవారగా, చెప్పుల వంక చూసుకుంటూ. వాళ్ల మధ్యే ఒదిగి కూర్చున్నాడతను. పక్కన భార్య. ఆమెదీ అదే బడి, లెక్కలు చెబుతుంది.

“మా ఆవిడకి ఒంట్లో బాగోలేదు సార్,” అని సెలవడిగితే హెడ్‌మాస్టరు భుజం తట్టాడు. “మొగుడంటే నువ్వేనయ్యా.” ఆ మెప్పు ఇంకా ఒంటికి జిగురులా అంటుకునే ఉంది.

“పోయినసారిలా లేచి వెళ్లిపోదామంటే నేను రాను,” అంది భార్య. “ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసిందంతా దండగని డాక్టరమ్మ చెప్పిందిగా.”

“టోపీ పెడితే జుట్టు నిలుస్తుందంటావా?”

“చాలామందికి నిలిచిందన్నారు. అందరికీ కాదట.”

“అంటే నమ్మకం లేదు.”

“ముందు మందు ఎక్కనివ్వండి. జుట్టు సంగతి తర్వాత.”

ఎదురు కుర్చీలో, నెత్తిన చల్లటి టోపీ బిగించుకున్న పెద్దావిడ భార్యని పలకరించింది. “మొదటిసారా తల్లీ? నెత్తిన మంచుగడ్డ పెట్టినట్టుంటుంది. కాసేపటికి మొద్దుబారిపోతుందిలే. నాకు నడినెత్తిన కాస్త పలచబడిందంతే. నీదెంత ఒత్తయిన జడ.”

భార్య నవ్వి జడ వెనక్కి వేసుకుంది.

“అదృష్టవంతురాలివి. మా ఆయన గేటు దగ్గర దింపేసి పోయాడు. ఆసుపత్రి వాసన పడదట మహానుభావుడికి. మీ ఆయన చూడు, నీకన్నా ఎక్కువ వణికిపోతున్నాడు.”

చుట్టుపక్కల ఇద్దరు నవ్వారు. అతని చెవులు వేడెక్కాయి. మైదానంలో తను ఈల వేస్తే బడి మొత్తం నిటారుగా నిలబడుతుంది. ఇక్కడ తనూ చెప్పుల వంకే చూసుకున్నాడు.

నర్సు నీళ్ల సీసా, దువ్వెన పట్టుకుని ఖాళీ కుర్చీ దగ్గరకొచ్చింది. పక్కన టోపీని చల్లబరిచే యంత్రం సన్నగా మూలిగింది.

“టోపీ సిద్ధం. ముందు జుట్టు తడపాలి, రండి.”

“వెళ్లు తల్లీ, భయపడకు,” అంది పెద్దావిడ.

భార్య కదల్లేదు. ఒళ్లో చేతిసంచి సర్దుకుంటూ, అతనికి మాత్రమే వినపడేలా అంది. “మీ ఇష్టం.”

గోడవారగా కూర్చున్న మగవాళ్లంతా తలెత్తి చూశారు.

“జబ్బు తనకి కాదండీ, నాకు,” అంటూ అతను వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు.