అడుగున వేసిన రంగు

"ఆ లియోన్స్ గాడు రేపటికల్లా నా ముందు నిలబడాలి పాపచ్చా! లేదంటే నేనే వాడి ఊరొస్తా. ఆదివారం పూజ అయ్యాక, చర్చి గుమ్మంలో, ఊరందరి ముందూ కాలర్ పట్టుకుని అడుగుతా!"

ఇంత అరిచినా క్లీటస్‌కి కోపం దిగలేదు. ఫోన్ని వలల కుప్ప మీదకి విసిరేశాడు.

పాపచ్చన్ బోట్ల బ్రోకర్. ఉత్తరాన మునంబం రేవులో లియోన్స్ అనే అతని పాత బోటుని క్లీటస్‌కి ఇప్పించింది అతనే. కాగితాలన్నీ తనే చూసుకున్నాడు. కొన్నవాడూ అమ్మినవాడూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

క్లీటస్‌కి కోపం రాక ఏం చేస్తుంది? ఇల్లు తాకట్టు పెట్టి కొన్న బోటది. ఎల్లుండితో వానాకాలపు ట్రాలింగ్ వేట నిషేధం అయిపోతోంది. మొదటి వేట దొరికితేనే ఆ సీజన్‌కి ఊపిరి. కేరళ తీరాన ఈ శక్తికుళంగర రేవులో బోట్లన్నీ ఐసు నింపుకుంటున్నాయి. ఈ బోటు మాత్రం రేవు మొగ దాటి సముద్రంలోకి వెళ్లిందో లేదో, ఇంజిన్ కుతకుత ఉడికిపోతోంది.

నీళ్ల పంపు మార్చారు. బెల్టు మార్చారు. మెకానిక్ వచ్చి, "దీని పని అయిపోయింది, కొత్త ఇంజిన్ కొనుక్కో" అని చేతులు దులుపుకున్నాడు.

"అన్నా, రేపటికి బాగవకపోతే మేం వేరే బోటెక్కేస్తాం. మాకూ పెళ్లాం పిల్లలున్నారు," అన్నాడు డ్రైవర్ చెల్లప్పన్.

మర్నాడు పొద్దున బస్సు దిగి ఒక ముసలాయన రేవులోకి వచ్చాడు. తెల్ల పంచె, చంకలో గొడుగు. బోటుకి పేరు మారింది, రంగు మారింది. అయినా గుర్తుపట్టాడు. దగ్గరికెళ్లి దాని పక్కని చేత్తో నిమిరాడు.

"మునంబం నుంచా?" అన్నాడు క్లీటస్.

"అవును."

"నువ్వేనా లియోన్స్‌వి?"

ముసలాయన బోటు వైపు తిరిగాడు.

"బోటుకేమైంది బాబూ?" అన్నాడు.

అంతే, క్లీటస్ విరుచుకుపడ్డాడు.

"ఏమైందా? తుక్కు తెచ్చి అంటగట్టి, ఏమీ ఎరగనట్టు ఏమైందని అడుగుతావా? సిగ్గు లేదూ? నిన్ను కన్నవాడెవడో గానీ, పుట్టినప్పుడే సముద్రంలో పారేసుంటే మాకీ పీడ ఉండేది కాదు!"

ముసలాయన మొహం పాలిపోయింది.

రేవంతా విన్నది. "పెద్దవాడు, పోనీలేరా" అన్నవాడు ఒక్కడూ లేడు. ఎవడో తిట్లు తింటుంటే చూడటం జనానికి అంత సరదా మరి!

"రేవులో ఊరికే ఇంజిన్ ఆడిస్తే వేడెక్కదు. బయట వేగం పెంచితేనే వేడెక్కుతోంది. అంతేనా?" అన్నాడు ముసలాయన మెల్లగా.

"అమ్మేటప్పుడు దాచిన రోగాన్ని ఇప్పుడు చెబుతున్నావా?"

"అడుగున కూడా రంగేయించావా?"

"వేయించనా మరి? పుట్టీ పెట్టించి, పూత మీద పూత వేయించా. నీ దరిద్రం ఒక్క చుక్క కూడా మిగలకూడదని!"

ముసలాయన గొడుగు గట్టున పెట్టి చొక్కా విప్పాడు. చెల్లప్పన్‌ని అడిగి రంగు గీకే రేకు తీసుకున్నాడు.

"బోటు కింద గొట్టాలున్నాయి బాబూ. ఇంజిన్లో కాగిన నీళ్లు వాటిలో తిరిగి, చల్లబడి పైకొస్తాయి. సముద్రం నీళ్లు ఆ గొట్టాలకి తగలాలి. నువ్వు వాటికి కంబళి కప్పావు."

ఆ మాట చెప్పి నీళ్లలోకి దిగాడు.

మునుగుతాడు, గీకుతాడు, దగ్గుతూ పైకొస్తాడు. మళ్లీ మునుగుతాడు. ఎర్రటి పుట్టీ పెచ్చులు బురద నీళ్లలో కొట్టుకుపోతున్నాయి. చూడలేక చెల్లప్పన్ కూడా దూకాడు. క్లీటస్ మాత్రం గట్టు మీద కూర్చుని టీ తెప్పించుకుని తాగాడు. ఆయన కోసం ఒక గ్లాసు చెప్పడానికి మనసొప్పలేదు.

వాన పట్టే వేళకి ముసలాయన పైకొచ్చాడు. వేళ్లు చీరుకుపోయి నెత్తురు కారుతోంది.

"ఇక వేడెక్కదు," అన్నాడు. వెళ్లబోయి ఆగాడు. "వేడెక్కకపోతే, లియోన్స్ మోసగాడని ఎక్కడా అనవు కదా? చర్చి దగ్గరికి వచ్చి గొడవ చెయ్యవు కదా?"

"ముందు ఇంజిన్ సంగతి తేలనీ. తర్వాత నీ సంగతి చూస్తా."

ముసలాయన తలూపి, తడి పంచెతోనే వెళ్లి బస్సెక్కాడు.

నిషేధం ఎత్తేశారు. క్లీటస్ బోటు అందరితో పాటే మొగ దాటింది. వేగం ఎంత పెంచినా ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి లేవలేదు. తిరిగొచ్చేటప్పుడు బోటులో కాలు పెట్టే చోటు లేకుండా రొయ్యలు.

రేవులో అందరూ చప్పట్లు కొడుతుంటే క్లీటస్‌కి మళ్లీ కోపమొచ్చింది. ఈసారి తన మీద తనకే.

"తప్పు నాది. తిట్లు ఆయనకి. అన్నం తిన్నావా అని కూడా అడగలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా!"

పెద్ద పెద్ద రొయ్యలు తనే ఏరి, ఐసు వేసి పెట్టెకెత్తాడు. పాపచ్చన్‌కి ఫోన్ చేశాడు.

"లియోన్స్ ఇంటికి దారి చెప్పు. వెళ్లి కాళ్లు పట్టుకోవాలి."

పాపచ్చన్ మాట మార్చి రొయ్యల ధర అడిగాడు.

"చెప్పవేమయ్యా? ఇల్లెక్కడ?"

"ఇల్లుంది క్లీటసన్నా. లియోన్సే లేడు. ఈస్టర్‌కి ముందే పోయాడు."

"ఏం కూస్తున్నావ్?"

"చచ్చినవాడి బోటంటే మన రేవుల్లో ఎవడూ ముట్టుకోడని నీకు చెప్పలేదు. నీ బెదిరింపు నేను చెబితే విని వచ్చి, మొన్న నీ దగ్గర తిట్లు తిన్నది వాళ్ల నాన్న."